లడ్డూలు అవే, మరి ఆ రుచి ఏమైంది?

పిల్లలూ,

సంక్రాంతికి మీరంతా వచ్చి వెళ్లాక ఇల్లు బోసిపోయింది. ఈ ఉత్తరం అప్పుడే రాద్దామనుకున్నాను గానీ ఇన్నాళ్లు పట్టింది. కనుమ రోజు మీరు మేడ మీద గాలిపటాలతో ఉంటే, పదో తరగతి అమ్మడు ఒక్కతే కింద గదిలో ఫోన్ పట్టుకుని ముభావంగా కూర్చుంది. ఏమైందే అని అడిగితే, "పెద్దమ్మా, చిన్నప్పుడు నాకు ఛోటా భీమ్ అంటే ప్రాణం కదా, ఇవాళ తమ్ముడి కోసం పెడితే పది నిమిషాలు కూడా చూడలేకపోయాను, అంత ఇష్టం ఎలా పోతుంది, నేనేమైనా మారిపోయానా?" అంది. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. నేను పొయ్యి మీద నూనె పెట్టి వచ్చాను, సరిగ్గా జవాబు చెప్పకుండానే వంటింట్లోకి వెళ్లిపోయాను. ఆ పిల్ల అడిగింది చిన్న విషయమేమీ కాదు. నాకూ ఒకసారి అచ్చం అలాగే అయింది, అప్పటికి నాకు నలభై అయిదేళ్లు.

దాని కథ చెప్పాలంటే 1987కి వెళ్లాలి. ఆ ఏడాది జనవరి 25 ఆదివారం నాడు దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ తీసిన రామాయణం మొదలైంది. నాకు పన్నెండేళ్లు. మా వీధికంతటికీ ఒకటే టీవీ, అది హిందీ మాస్టారి ఇంట్లో ఉండేది, చెక్క తలుపులున్న బ్లాక్ అండ్ వైట్ టీవీ. మాస్టారి భార్యని మేమంతా అత్తయ్యగారు అని పిలిచేవాళ్లం, ఆవిడ ఆదివారం పొద్దున్నే వాకిలి కడిగి ముగ్గేసి, టీవీకి బొట్టు పెట్టి అగరొత్తులు వెలిగించేవారు. చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్లేవాళ్లం. పెద్దవాళ్లకి చాపలు, పిల్లలకి ముందు గచ్చు. డాబా మీద ఒక అబ్బాయి యాంటెన్నా పట్టుకుని "వచ్చిందా?" అని అరిస్తే, కింద నుంచి పదిమంది "ఇంకొంచెం కుడికి, ఆఁ, చాలు చాలు, కదలకు!" అని అరిచేవారు. పాపం ఆ అబ్బాయి సగం రామాయణం డాబా మీదే గడిపాడు.

మాకు హిందీ రాదు. మాస్టారే టీవీ పక్కన కుర్చీ వేసుకుని అర్థం చెప్పేవారు. పడవవాడు రాముడి కాళ్లు కడిగే ఘట్టం వచ్చినప్పుడు, ఆయన మొల్ల రామాయణంలోని పద్యం అందుకున్నారు. ఈ పాదాల ధూళి సోకి రాయే ఆడదైందట, ఇక నా పడవ ఏమవుతుందో అని గుహుడు భయపడే పద్యం, 'సుడిగొని రాము పాదములు' అని మొదలవుతుంది. ముసలమ్మలు నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. ఇలా ఏడాదిన్నర, 78 భాగాలు. వారమంతా బడిలో ఆడుకునే ఆట కూడా అదే, కొబ్బరాకు మట్టలతో విల్లులు చేసుకునేవాళ్లం.

తర్వాత 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు, మార్చి 28 నుంచి అదే సీరియల్‌ని దూరదర్శన్ మళ్లీ వేసింది, పొద్దున తొమ్మిదికి ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి. ఆ వార్త వినగానే నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. ఇల్లు ఊడ్చి, కాఫీ కలుపుకుని, ఎనిమిదిన్నరకే కూర్చున్నాను. మొదటి రోజు బాగానే ఉంది. మూడో రోజుకి మధ్యలో లేచి కూరగాయలు తరుక్కున్నాను. రెండు బాణాలు ఎదురెదురుగా వచ్చి ఆకాశంలో అలా నిలబడిపోవడం, ఒక మాట అయ్యాక సభలో ఉన్న ఒక్కొక్కరి ముఖమూ చూపించుకుంటూ పోవడం, అప్పుడు ఊపిరి బిగబట్టి చూసినవే, ఇప్పుడు ఎప్పుడవుతుందా అనిపించింది. పైగా రంగులు! పచ్చటి పసుపు, గులాబీ, నీలం. మేం చూసింది బ్లాక్ అండ్ వైట్‌లో కదా, ఆ రంగులన్నీ నేనే నా తలలో వేసుకున్నాను, అశోకవనానికి మా తాతగారి మామిడితోట పచ్చదనమే ఇచ్చుకున్నాను. నిజం రంగులు చూశాక నావి వెలిసిపోయాయి. ఇప్పుడు కళ్లు మూసుకున్నా టీవీలోవే వస్తున్నాయి.

అసలు సంగతి ఇంకొకటుంది. పడవవాడి ఘట్టం కోసం ఎంతో ఎదురుచూశాను. ఆ ఘట్టం రానే వచ్చింది, పద్యం మాత్రం రాలేదు. ఎలా వస్తుంది, అది హిందీ సీరియల్! నాకు తెలుసు, తెలిసి కూడా ఎదురుచూశాను. ముప్ఫై మూడేళ్లుగా నా మనసులో మాస్టారి గొంతూ ఆ బొమ్మా కలిసిపోయి ఉన్నాయి, విడదీసి చూసుకోవలసిన అవసరం నాకెప్పుడూ రాలేదు. ఈలోపు ఉద్యోగంలో హిందీ బాగా వచ్చేసింది కాబట్టి సంభాషణలు నేరుగా అర్థమయ్యాయి, అర్థమైన కొద్దీ తెలిసింది, ఆయన చెప్పిందాంట్లో సగం టీవీలో లేదు. సీత గురించి ఆయన చెప్పిన మాటలు చాలావరకు ఆయనవే. మాస్టారు పోయి చాలా ఏళ్లయింది. నేను ఇష్టపడిన రామాయణం ఆ వసారాలో, ఆయన గొంతులో ఉండేది, దాన్ని ఎవరూ రికార్డు చేయలేదు. ఆ రోజు టీవీ కట్టేసి చాలాసేపు అలా కూర్చుండిపోయాను.

అందుకే అమ్మడూ, నువ్వు 'ఎలా పోతుంది' అని అడిగినప్పుడు నాకు గుండె కలుక్కుమంది.

ఇక నాకు అర్థమైనంతలో చెబుతాను. మనం ఒక బొమ్మని చూసేటప్పుడు దాన్ని ఒక్కదాన్నే చూడం. అప్పటి వయసు, పక్కనున్న మనుషులు, వారం రోజుల ఎదురుచూపు, అగరొత్తుల వాసన, అన్నీ కలిసి లోపలికి వెళ్తాయి. మళ్లీ పెట్టుకున్నప్పుడు బొమ్మ ఒక్కటే తిరిగి వస్తుంది. 1987లో ఏడాదిన్నర సాగిన కథ 2020లో మూడు వారాల్లో అయిపోయింది, ఆదివారం నుంచి ఆదివారం దాకా ఆశపడే వ్యవధి లేదు, మరి అదే సంబరం ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇది కొత్తగా ఎవరో కనిపెట్టిన విషయం కాదు. నాటకకళ మీద భరతముని రాసిన నాట్యశాస్త్రానికి వ్యాఖ్యానం రాసిన అభినవగుప్తుడు, వెయ్యేళ్ల కిందట కాశ్మీరంలో ఉన్నాయన, నాటకం చూసేవాడికి రసం, అంటే అందులో లీనమైతే కలిగే ఆనందం, అందకుండా అడ్డుపడేవి ఏడున్నాయని చెప్పాడు, వాటిని రసవిఘ్నాలు అంటారు. చూస్తున్నది నమ్మశక్యంగా లేకపోవడం ఒకటి. చూసేవాడు తన సొంత సుఖదుఃఖాల్లో మునిగిపోయి ఉండటం ఇంకొకటి, దాన్నుంచి మనసుని బయటికి లాగడానికే నాటకశాలని అలంకరించడం, వాద్యాలు, పాట అవసరమంటాడు. అది చదివినప్పుడు నాకు అత్తయ్యగారి ముగ్గు గుర్తొచ్చింది. ఆ ముగ్గూ ఆ అగరొత్తులూ మా మనసుల్ని సిద్ధం చేసేవి. 2020లో నేను ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, ఎవరికి జ్వరం వచ్చిందో ఎవరి ఊపిరి ఎలా ఉందోనని టెన్షన్ పడుతూ టీవీ ముందు కూర్చున్నాను. సీరియల్ అదే, దాన్ని అందుకోవడానికి నా లోపల చోటే లేదు.

ఛోటా భీమ్ విషయానికొస్తే, అది మన హైదరాబాద్‌లోనే తయారై 2008లో టీవీకెక్కింది, నీ తరం పిల్లలంతా దాంతోనే పెరిగారు. భీమ్ లడ్డూ తినగానే బలం వస్తుందని నీకు ముందే తెలుసు, తెలిసే సోఫా మీద గెంతేదానివి. అయిదారేళ్ల పిల్లలకి లోకమంతా కొత్త, రేపు ఏం జరుగుతుందో తెలియదు, అందుకే తెలిసిన కథ తెలిసినట్టే జరిగితే వాళ్లకి కొండంత ధైర్యం. అదే కథ వందసార్లు చెప్పించుకునేదానివి నా చేత, ఒక్క మాట మార్చినా ఒప్పుకునేదానివి కాదు. ఇప్పుడు నీకు పదిహేనేళ్లు, తర్వాత ఏమవుతుందో ముందే తెలిస్తే విసుగు, తెలియకపోతేనే ఆనందం. లడ్డూలో ఏ లోపమూ లేదు, నీలోనూ లేదు.

ఇంకో రకం నిరాశ కూడా ఉంటుంది, అది పెద్దయ్యే కొద్దీ మీకు తగులుతుంది. మేం పడీపడీ నవ్విన పాత సినిమాల్లో కొన్ని ఇప్పుడు చూడలేను. నల్లగా ఉన్న పిల్లనీ, నత్తి ఉన్నవాణ్ణీ ఏడిపించడమే హాస్యం, వద్దంటున్నా అమ్మాయి వెంటపడటమే ప్రేమ. అప్పుడు హాలంతా నవ్వితే నేనూ నవ్వాను. ఇప్పుడు నవ్వు రాకపోతే నేను బాధపడను. అలాగని అప్పుడు నవ్విన ఆ పిల్లని తిట్టిపోయను కూడా, ఆమెకి అప్పటికి అంతే తెలుసు. మీరు కూడా చిన్నప్పటి మీ ఇష్టాల్ని 'ఛీ, ఇదా నేను చూసింది' అని తీసిపారెయ్యకండి, నాకది వినడానికి బాధగా ఉంటుంది. ఆ ఇష్టం నిజం, దాన్ని నేను కళ్లారా చూశాను.

అన్నీ ఇలాగే పోతాయనుకోకండి. 1957లో వచ్చిన మాయాబజార్ ఎన్నిసార్లు చూశానో నాకే లెక్క లేదు. చిన్నప్పుడు ఘటోత్కచుడి నోట్లోకి వాటంతట అవే ఎగిరి వెళ్లే లడ్డూలు చాలు నాకు, మిగతాదంతా ఎప్పుడవుతుందా అని చూసేదాన్ని. ఇరవయ్యేళ్లప్పుడు ఆ వెన్నెల్లో పడవ పాట. మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్న రోజుల్లో చూస్తే, పాండవులు ఆస్తి పోగొట్టుకోగానే రేవతీ బలరాములు ఇచ్చిన మాట నుంచి ఎలా జారుకుంటారో కనిపించి కడుపులో కెలికినట్టయింది, ఎందుకంటే అలాంటి లెక్కలు మా ఇంట్లోనూ నడుస్తున్నాయి. అందులో ఎన్నో గదులున్నాయి, ఒక వయసులో ఒక గది తలుపు తెరుచుకుంటుంది. కొన్నింట్లో ఒకటే గది ఉంటుంది, అందులో మన చిన్నతనం హాయిగా ఆడుకుని వెళ్లిపోయింది, అంతే. ఏ సినిమా ఎలాంటిదో మళ్లీ చూసేదాకా తెలియదు, అదే చిక్కు.

అమ్మడూ, తమ్ముడికి ఛోటా భీమ్ పెట్టినప్పుడు నువ్వు స్క్రీన్ వైపు చూడకు, వాడి ముఖం చూడు. పక్కన కూర్చుని రెండు మాటలు నీ సొంతంగా కల్పించి చెప్పు, మాస్టారు చెప్పినట్టు. పెద్దయ్యాక వాడు వెతుక్కునేది ఆ మాటలనే అవుతుందేమో.

నేను మళ్లీ చూడని సినిమా ఒకటుంది. మా ఊరి టూరింగు టాకీసులో చూశాను, జనం ఎక్కువై నాకు తెర కనిపించకపోతే మా నాన్న ఇంటర్వెల్ నుంచి చివరిదాకా భుజం మీద ఎక్కించుకుని నిలబడ్డారు. దాని పేరు మీకు చెప్పను. చెబితే సాయంత్రానికల్లా మీలో ఎవరో ఒకరు ఫోన్లో వెతికి నా ముందు పెడతారు, ప్రేమతోనే పెడతారని తెలుసు. వద్దు నాన్నా. వేసవి సెలవులకి అందరూ రండి, హాల్లో చాపలు పరిచి మాయాబజార్ వేసుకుందాం, లడ్డూలు నేను చుట్టి ఉంచుతాను.

మీ
పెద్దమ్మ