తొట్టిలో నీళ్ళు, సావిడిలో బేస్

"మాస్టారూ, సబ్‌వూఫర్ ఎనిమిదంగుళాలది కొనమంటారా, పన్నెండంగుళాలదా?" అని మా వీధి కుర్రాడొకడు అడిగాడు. సబ్‌వూఫర్ అంటే బేస్, అంటే బాగా కింది స్వరాలు, మాత్రమే పలికే స్పీకర్ పెట్టె. వాడి దగ్గర చిన్న స్టీరియో ఉంది. ఒక ఆంప్లిఫయర్, పుస్తకాల అరలో పట్టేంత స్పీకర్లు రెండు. గొంతులు, వయొలిన్లు బాగానే పలుకుతున్నాయట గానీ మృదంగం తొప్పి మీద దెబ్బ పడితే 'తప్' అంటోందట, 'ధోం' అనడం లేదట. ఆదివారం పర్లాకిమిడి నుంచి బరంపురం వెళ్ళి కొనుక్కొస్తానన్నాడు.

"మీ సావిడి ఎన్నడుగులు?" అన్నాను. మందుల షాపువాడు జాతకం అడిగితే చూసినట్టు చూశాడు నన్ను.

పదిహేను బై పదిట. శ్లాబు ఎత్తు పది. అయితే వాడి సబ్‌వూఫర్‌లో సగం ఇప్పటికే ఇంట్లో ఉంది. మిగతా సగమే బరంపురంలో కొనాలి.

హెర్ట్జ్ అంటే ఏమిటో ఇక్కడ చెప్పను, అది స్కూలు పుస్తకంలో ఉంది. లెక్క మాత్రం చెబుతాను. గది పొడవు అడుగుల్లో కొలిచి, 574ని దాంతో భాగించండి. 15 అడుగులకి 38 వస్తుంది, 10 అడుగులకి 57. ఇవి హెర్ట్జ్‌లు. మన వేడికి గాలిలో ధ్వని సెకనుకి దాదాపు 350 మీటర్లు, అంటే 1148 అడుగులు పోతుంది. అందులో సగం 574. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సరిగ్గా సగం తరంగం పట్టే స్వరం ఏదో ఈ లెక్క చెబుతుంది. ఆ స్వరం మోగితే గదిలో గాలంతా ఒక్కసారిగా ఊగుతుంది.

ఎలా ఊగుతుందో చూడాలంటే పెరట్లో నీళ్ళ తొట్టి దగ్గరికి వెళ్ళండి. తొట్టి లేకపోతే పొడవాటి ట్రేలో రెండంగుళాల నీళ్ళు పోసుకున్నా చాలు. ఒక చివర అరచేత్తో నీటిని నొక్కండి, వదలండి, మళ్ళీ నొక్కండి. ముందు అంతా చిందరవందరగా ఉంటుంది. చేతి వేగం కొంచెం కొంచెం మార్చుకుంటూ పోతే ఒక వేగం దగ్గర నీళ్ళు మాట వింటాయి. ఇటు అంచు లేస్తే అటు అంచు దిగుతుంది, అటు లేస్తే ఇటు దిగుతుంది. చేయి పెద్దగా కష్టపడదు, నీళ్ళు మాత్రం తొట్టి దాటి కాళ్ళ మీద పడతాయి. ఇప్పుడు సరిగ్గా మధ్యలో ఒక అగ్గిపుల్ల వేయండి. అది పక్కకి జరుగుతుంది, వెనక్కి వస్తుంది. పైకి మాత్రం లేవదు.

నీటి ఎత్తు అన్నచోట గాలి ఒత్తిడి అని పెట్టుకుంటే అదే మీ సావిడి. కర్ణభేరిని కదిపేది ఒత్తిడిలో వచ్చే మార్పు. గోడల దగ్గర ఆ మార్పు ఎక్కువ, నట్టనడుమ సున్నా. అగ్గిపుల్ల ఉన్నచోట మీ కుర్చీ ఉంటే ఆ 38 హెర్ట్జ్ స్వరం మీ చెవిన పడదు.

ఇంకా ఉంది. చేతిని తొట్టి మధ్యకి తెచ్చి, అదే వేగంతో నొక్కండి. ఎంతసేపు నొక్కినా ఆ ఊపు రాదు. అంచున నొక్కితే వచ్చింది, నడుమ నొక్కితే రాలేదు. అంటే సబ్‌వూఫర్ ఎక్కడ పెట్టామన్నదీ లెక్కలోకి వస్తుంది, మనం ఎక్కడ కూర్చున్నామన్నదీ వస్తుంది. చేయి మధ్యలోనే ఉంచి వేగం పెంచితే ఇంకో రకం ఊపు మొదలవుతుంది. నడుమ నీళ్ళు లేచినప్పుడు రెండంచులూ దిగుతాయి. గాలిలో ఇది సరిగ్గా రెట్టింపు దగ్గర, 77 హెర్ట్జ్‌లో వస్తుంది. కాబట్టి గది మధ్యలో కూర్చున్నవాడికి ఒక స్వరం మాయమవుతుంది, దాని పైస్థాయి స్వరం చెవులు పగలగొడుతుంది. ఒకే పాటలో, ఒకే పెట్టెతో!

ఏళ్ళ తరబడి బోర్డు మీద ఈ తరంగాల బొమ్మ గీశాను. పిల్లలు దించుకున్నారు, పరీక్షలో మళ్ళీ గీశారు. ఆ బొమ్మలో నేను కూడా కాపురం ఉంటున్నానని నాకు తట్టలేదు. రిటైరయ్యాక పన్నెండంగుళాల సబ్‌వూఫర్ తెచ్చి, షాపువాళ్ళు చెప్పినట్టు మూలన పెట్టి, సావిడి మధ్యలో పడక్కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మా వీధిలో ఇళ్ళన్నీ ఒకే మేస్త్రీ కట్టినట్టుంటాయి, మాదీ పదిహేను బై పదే. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఆ తీగ నాకు వినిపించలేదు. నాబ్ తిప్పాను. అయినా లేదు. ఇంకా తిప్పాను. వంటింట్లో స్టీలు గిన్నెలు గలగలమన్నాయి. గోడవార మంచం మీద పడుకున్న మా అమ్మ లేచి కూర్చుని, "ఏట్రా ఆ చప్పుడు, గుండెలదిరిపోతన్నాయి!" అంది. నాకేమో అసలు మోగుతున్నట్టే లేదు. పెట్టె పాడైందని షాపుకి ఫోన్ చేసి గొడవ కూడా పెట్టుకున్నాను.

తర్వాత మా బావగారు వచ్చి చూసి, బరువైన వస్తువు నైరుతిలోనే ఉండాలి, ఈశాన్యంలో పెట్టావు కాబట్టే కలిసిరాలేదు అన్నారు. పెట్టె ఇరవై కిలోలుంది, మర్యాదకి మోసుకెళ్ళి నైరుతిలో పెట్టాను. ఏమీ మారలేదు. నలుపలకల గదిలో ధ్వనికి దిక్కులుండవు. ఏ మూలకి వెళ్ళినా పొడవు ఊపు, వెడల్పు ఊపు, ఎత్తు ఊపు మూడూ గరిష్ఠంగా ఉంటాయి. తలుపులు, కిటికీలు ఎటున్నాయన్నదాన్ని బట్టి కాస్త తేడా వస్తుంది, అంతే. మూలన పెడితే బేస్ ఎక్కువ వచ్చే మాట నిజమే. కాకపోతే గదికి ఉన్న రోగాలన్నీ కూడా కలిసి వస్తాయి.

మా ఇళ్ళకి ఇంకో రోగం ఉంది. వెడల్పు పది, ఎత్తు పది. రెండు ఊపులూ 57 దగ్గరే కూర్చుంటాయి. ఆ చుట్టుపక్కల ఏ స్వరం వచ్చినా ఒకటే మోత, పాటలో బేస్ ఎన్ని మెట్లు దిగినా చెవికి ఒకే మెట్టు. వెనకటి పెంకుటిళ్ళలో ఈ బాధ తక్కువ. పైకప్పు వాలుగా ఉంటుంది, పెంకుల సందుల్లోంచి బేస్ బయటికి పోతుంది. శ్లాబు దాన్ని కిందికే తిప్పికొడుతుంది. దీనికి గోడలనిండా గుడ్ల ట్రేలు అంటించేవాళ్ళున్నారు. 38 హెర్ట్జ్ తరంగం పొడవు తొమ్మిది మీటర్లు. అంగుళమున్నర అట్టముక్క దాన్నేం ఆపుతుంది?

ఇక అంగుళాల సంగతి. ఒక స్వరం ఒకే గట్టిదనంతో మోగాలంటే, ఒక స్థాయి కిందికి దిగిన (అంటే హెర్ట్జ్‌లు సగమైన) ప్రతిసారీ స్పీకర్ అట్ట నాలుగు రెట్లు ఎక్కువ దూరం ఆడాలి. 80 హెర్ట్జ్ దగ్గర ఒక మిల్లీమీటరు ఆడితే 40కి నాలుగు, 20కి పదహారు. కుర్రాడి స్పీకర్లలో ఉన్నది నాలుగంగుళాల అట్ట, పదహారు మిల్లీమీటర్లు ఆడమంటే చిరిగి చేతికొస్తుంది. అట్ట పెద్దదైతే అంత దూరం ఆడక్కర్లేదు. ఎనిమిదంగుళాల నుంచి పన్నెండుకి వెళితే వైశాల్యం రెట్టింపుపైనే పెరుగుతుంది. సబ్‌వూఫర్ పుట్టిందే ఈ నాలుగు రెట్ల తద్దినం కోసం. అయినా పదిహేను బై పది సావిడికి, పక్కింటికీ మనకీ ఒకటే గోడ ఉన్న వీధిలో, ఎనిమిదో పదో చాలు.

పెట్టెలో రంధ్రం ఉన్నది కొనాలా, మూసేసింది కొనాలా? రంధ్రం ఉన్నది ఖాళీ సీసా మూతి దగ్గర ఊదితే వచ్చే మోత లాంటిది, ఒక స్వరం దగ్గర బాగా సాయం చేస్తుంది. ఆ స్వరానికి దిగువన మాత్రం మోత స్థాయికి 24 డెసిబెల్స్ (గట్టిదనానికి కొలత) చొప్పున పడిపోతుంది. మూసినది 12 చొప్పునే పడిపోతుంది. చిన్న గది తన మొదటి ఊపు కన్నా కింది స్వరాలకి ఎలాగూ కాస్త ఊతమిస్తుంది కాబట్టి మూసిన పెట్టె మెత్తటి పతనం దానికి చక్కగా అతుకుతుంది. నా ఓటు దానికే.

వాట్ల గురించి ఒక్క మాట. పెట్టె మీద 5000 పీఎంపీఓ (రెప్పపాటు కాలానికి చెప్పుకునే గొప్ప అంకె) అని రాసి ఉంటే నవ్వి ఊరుకోండి. 5 ఆంపియర్ల ప్లగ్గులోంచి 230 వోల్టుల దగ్గర తీసుకోదగ్గది 1150 వాట్లే. ఆగకుండా ఇవ్వగలిగే వాట్లు చెప్పే ఆర్‌ఎంఎస్ అంకె అడగండి, వందా నూటయాభై ఉంటే దండి. ఆంప్లిఫయర్ వెనక సబ్‌వూఫర్ సాకెట్ లేకపోతే స్పీకర్ వైర్లనే నేరుగా తీసుకునే 'హై లెవెల్' ఇన్‌పుట్ ఉన్నది కొనాలి. ఇది చూసుకోక తిరిగి బరంపురం వెళ్ళినవాళ్ళు నాకు తెలుసు. చిన్న స్పీకర్లకి, సబ్‌వూఫర్‌కి సరిహద్దు 80 హెర్ట్జ్ దగ్గర పెడితే బేస్ ఏ మూల నుంచి వస్తోందో చెవి పోల్చుకోలేదు. సబ్‌వూఫర్ అట్ట ముందుకి ఆడేదాన్ని వెనక్కి తిప్పే ఫేజ్ స్విచ్ రెండువైపులా వేసి చూసి, ఎటు వేస్తే నిండుగా ఉంటే అటు వదిలేయాలి.

చివరికి చోటు. దీనికి తొట్టే ఉపాయం చెబుతుంది. ఇక్కడ నొక్కితే అక్కడ ఎంత లేస్తుందో, అక్కడ నొక్కితే ఇక్కడా అంతే లేస్తుంది. 19వ శతాబ్దంలోనే ఇంగ్లీషు భౌతికశాస్త్రవేత్త లార్డ్ రేలీ దీన్ని ధ్వనికి సిద్ధాంతంగా నిరూపించాడు. కాబట్టి ముందు మీ కుర్చీని పొడవులో మూడోవంతు దగ్గరికి జరపండి. అక్కడ 38, 77 రెండూ సగం సగం ఉంటాయి, ఏదీ మాయం కాదు. తర్వాత కుర్చీ తీసేసి ఆ చోట సబ్‌వూఫర్ పెట్టండి. బేస్ మెట్లు దిగుతూ ఎక్కుతూ ఉండే పాట ఒకటి పెట్టి, మీరు గోడవారంట మోకాళ్ళ మీద పాకండి. నిలబడితే లాభం లేదు, పెట్టె ఉండేది నేల మీద కాబట్టి చెవి కూడా అక్కడే ఉండాలి. ఎక్కడ అన్ని మెట్లూ సమంగా వినిపిస్తాయో అక్కడ సుద్దముక్కతో గీత పెట్టుకోండి. పెట్టె వెళ్ళాల్సింది అక్కడికే.

కుర్రాడు ఎనిమిదంగుళాల మూసిన పెట్టె తెచ్చుకున్నాడు. సాయంత్రం నేను వెళ్ళేసరికి సావిడిలో నాలుగు కాళ్ళ మీద ఉన్నాడు, చేతిలో సుద్దముక్క. వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి, "ఏటి పారేసుకున్నావురా?" అంటోంది. గీత వచ్చి వచ్చి బియ్యం డ్రమ్ము ఉన్నచోట పడింది. డ్రమ్ము జరపడానికి ఆవిడ ఒప్పుకోవడం లేదు.