సంతకం పడితే సమ్మతి అయిపోయినట్టేనా?

తిరుపతిలో హౌస్ సర్జన్లకు, నర్సులకు వైద్య నీతి క్లాసులు చెబుతుంటాను. మొదటిరోజే వెనక బెంచీ నుంచి ఒక గొణుగుడు వినిపిస్తుంది.

అపోహ: మంచీ మర్యాదా ఇంట్లోనే రావాలి, క్లాసులో రావు.

వాస్తవం: మంచితనం సంగతి ఎలా ఉన్నా, చెడ్డ కబురు చెప్పడం సూది వేసినట్టే, చేస్తేనే వస్తుంది. 2019 నుంచి ఎంబీబీఎస్‌లో ఏట్‌కామ్ పేరుతో ప్రవర్తన, నీతి, సంభాషణ పాఠాలు పెట్టిందీ అందుకే.

అపోహ: ఫారం మీద సంతకం ఉంటే మనం సేఫ్.

వాస్తవం: క్లాసులో దీన్ని నాటకంలా ఆడిస్తాను. మొన్న ఒకమ్మాయి పీలేరు అవ్వ అయింది. "ఇక్కడ వేలిముద్ర వెయ్యవ్వా" అని ఇంకు ప్యాడ్ జరిపాడు హౌస్ సర్జన్. "ఏం తీసేస్తారు నాయనా? తీయకపోతే ఏమైతుంది?" అందా అవ్వ. కుర్రాడు ఫారం తిరగేశాడు. జవాబు అందులో ఉంటేగా! నగరి వైపు నుంచి వచ్చిన తమిళ పేషెంటుకైతే మన ఇంగ్లీషు ఫారం ఇంకా అయోమయం.

2008లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన కేసు ఇలాంటిదే. లాపరోస్కోపీ (పొట్టలోకి సన్నని కెమెరా పంపి చూసే) పరీక్షకు ఒప్పుకున్న మహిళ మత్తులో ఉండగా, తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. పరీక్షకిచ్చిన సమ్మతి ఆపరేషన్‌కు చెల్లదనీ, ప్రాణం మీదికి రాలేదు కాబట్టి తల్లి మాట సరిపోదనీ కోర్టు చెప్పింది.

అపోహ: ఇంట్లోవాళ్లకు చెబితే చాలు.

వాస్తవం: "అవ్వకు చెప్పొద్దు సార్, బెదిరిపోతుంది" అంటారు కొడుకులు, ప్రేమతోనే. ముందు అవ్వనే అడగండి, ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో. "నా కొడుక్కే చెప్పు" అంటే సరే, అదీ ఆమె నిర్ణయమే.

అపోహ: కేస్ షీట్ ఆసుపత్రి సొత్తు, అడిగినా ఇవ్వక్కర్లేదు.

వాస్తవం: డాక్టర్ల నడవడిక మీద మెడికల్ కౌన్సిల్ పెట్టిన 2002 నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. అంతే.

అపోహ: ఇవన్నీ కుర్ర డాక్టర్లకే, సీనియర్లకు అక్కర్లేదు.

వాస్తవం: నా సంగతే చెబుతాను. ఒకసారి వార్డు రౌండ్లో, మంచం పక్కనే నిలబడి "టీబీ" అని గట్టిగా అనేశాను. సాయంత్రం వెళ్లేసరికి పక్క మంచంవాళ్లు స్టూలు, ఫ్లాస్కు దూరంగా జరుపుకున్నారు. ఆ పెద్దాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. పిలిచినా ఇటు తిరగలేదు.