వేడెక్కే బోటు ఇంజిను: ఒడ్డున వినిపించే అపోహలు, అసలు సంగతులు

డొంకూరు నుంచి సోనపూర్, గోపాల్‌పూర్ దాకా మనవాళ్ల బోట్ల ఇంజిన్లు బాగుచేయడమే నా పని. వేడెక్కి ఆగిపోయిందని మోసుకొచ్చే ఇంజిన్లలో ఎక్కువ వాటికి జబ్బు, సముద్రపు నీళ్లు పీల్చి ఇంజినును చల్లబరిచే నీళ్ల దారిలోనే ఉంటుంది: ఇసుకో, ఉప్పో, అరిగిన రబ్బరో. కానీ నా చేతికి వచ్చేలోపే ఒడ్డున తలా ఒక వైద్యం చేసేసి ఉంటారు.

అపోహ: వెనక నీళ్ల ధార పడుతోంది కదా, ఇంక భయమేటి?

ధార పడుతోందంటే పంపు నీళ్లు పైకి తోడుతోందని మాత్రమే. ఆ నీళ్లు సిలిండరు చుట్టూ అన్ని సందుల్లోకీ వెళ్తున్నాయని కాదు. లోపల ఉప్పు గడ్డకట్టి సగం దారి మూసుకుపోయినా బయట ధార చక్కగానే ఉండొచ్చు. తిరగేసి చెప్పినా అంతే. ధార ఆగిందంటే పంపు పోయిందనే అనుకోకండి. ఇంజిను ఆపి, ధార బయటికొచ్చే ఆ చిన్న కన్నంలో వల తాడు ముక్కో సన్నటి తీగో పెట్టి పొడవండి. ఇసుక రేణువు అడ్డుపడితే అక్కడికక్కడే తేలిపోతుంది. కింద నీళ్లు పీల్చే జల్లెడకు ప్లాస్టిక్ కవరు అంటుకుందేమో కూడా చూడండి, ఈమధ్య అదీ ఎక్కువైంది.

అప్పటికీ ధార రాకపోతే కింది కాలు, అంటే నీళ్లలో మునిగి ఉండే ఇంజిను కింది భాగం, విప్పాల్సిందే. పంపులో తిరిగి నీళ్లు తోడే రబ్బరు రెక్కల చక్రం, ఇంపెల్లర్, బయటికి తీసి అరచేతిలో పెట్టుకోండి. రెక్కలు నిటారుగా లేవకుండా ఒకవైపే వాలి ఉంటే దాని పని అయిపోయింది. రబ్బరు బాగుంది కదాని దాన్నే మళ్లీ బిగించేస్తారు, కానీ అది తిరిగే గిన్నెలో గోరు తగిలేంత గీతలు పడి ఉంటే కొత్త రబ్బరు వేసినా పట్టు దొరకదు, గిన్నె కూడా మార్చాలి. ఒక రెక్క తెగిపోయి ఉంటే ఆ ముక్క దొరికేదాకా వెతకండి. అది పై గొట్టంలో ఎక్కడో కూర్చుని, కొత్త రబ్బరు వేసిన మర్నాడే మళ్లీ మిమ్మల్ని నా దగ్గరికి పంపుతుంది. బిగించేటప్పుడు సబ్బు నీళ్లు రాసి, షాఫ్టు తిరిగే వైపే తిప్పుతూ దించాలి. నీళ్ల గొట్టం తన రబ్బరు మూతిలో సరిగ్గా కూర్చుందో లేదో చూడకుండా నట్లు బిగించకండి. అది తప్పితే నీళ్లన్నీ కాలులోపలే చిమ్మి, పైకి చుక్క ఎక్కదు.

అపోహ: ఒడ్డున రెండు నిమిషాలు ఒట్టిగా తిప్పితే ఏమీ కాదు

ఇంపెల్లర్ రబ్బరుకు నీళ్లే గ్రీసు. నీళ్లు లేకపోతే కొన్ని క్షణాల్లోనే మాడటం మొదలవుతుంది. బాహుదా నది మొగ దగ్గర ఇసుక మేట వేసినప్పుడు ఇంజినును వెనక్కి బాగా ఎత్తి నడుపుతారు చూడండి, అక్కడా అదే గొడవ. జల్లెడ నీటిమట్టానికి వచ్చేసి గాలీ ఇసుకా కలిపి పీలుస్తుంది. అంత లోతు లేనిచోట తెడ్డే మేలు.

అపోహ: థర్మోస్టాట్ పీకేస్తే ఇంజిను చల్లగా ఉంటుంది

ఇంజిను వేడెక్కాక నీళ్ల దారి తెరిచే చిన్న మూతే థర్మోస్టాట్. ఇది చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. అది తీసేస్తే ఇంజిను ఎప్పుడూ చల్లగానే నడిచి, ఇంధనం సరిగ్గా కాలక ప్లగ్గులు నల్లబడతాయి, మసి పేరుకుంటుంది. అనుమానం ఉంటే దాన్ని దారానికి కట్టి గిన్నెలో నీళ్లు కాచి చూడండి. చన్నీళ్లలో మూసుకుని, వేడెక్కాక తెరుచుకుంటే బాగున్నట్టే. తెరుచుకోకపోతే మార్చండి, పారేసి వదిలేయకండి.

అపోహ: ఆయిల్ ఎక్కువ కలిపితే వేడి తగ్గుతుంది

టూ స్ట్రోక్ పెట్రోలు ఇంజిన్లకు మామూలు లెక్క 50:1, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. కొత్త ఇంజిన్లకూ కిరోసిన్ మోడళ్లకూ లెక్క వేరు, కంపెనీ పుస్తకంలో ఉంటుంది. ఆయిల్ పెంచితే కార్బురేటర్‌లోని అదే జెట్టులోంచి (సన్నటి కన్నం) వెళ్లే పెట్రోలు తగ్గుతుంది. వేడి తగ్గకపోగా మసి అదనం. ఇక పెట్రోలు ఇంజినులో కిరోసిన్ కలిపి కొట్టేవాళ్లు పిస్టన్ డబ్బులు ముందే పక్కన పెట్టుకోండి. కిరోసిన్ ఇంజిన్లకు కంప్రెషన్ (సిలిండరులో ఇంధనం, గాలి నొక్కుకునే ఒత్తిడి) తక్కువగా ఉండేది ఊరికే కాదు.

అపోహ: కాలిపోతుంటే పైన చన్నీళ్లు కుమ్మరించాలి

వద్దు బాబూ. సిలిండరు పైమూత, అదే హెడ్డు, వంకర పోవచ్చు, చిట్లొచ్చు. ధార వస్తుంటే న్యూట్రల్‌లో పెట్టి నెమ్మదిగా కాసేపు తిరగనివ్వండి. రాకపోతే వెంటనే ఆపి, దానంతటది చల్లారే వరకు ఆగండి. ఈలోగా నీళ్లలో తిరిగి బోటును నెట్టే ఫ్యానుకు వల చుట్టుకుందేమో చూడండి. నీళ్ల దారి బాగుండి కూడా బరువు లాగలేక వేడెక్కే ఇంజిన్లున్నాయి.

అపోహ: వేట నుంచి వచ్చాక పైన మంచినీళ్లు కొడితే చాలు

పైన మెరుస్తుంది, లోపల ఉప్పు అలాగే ఉంటుంది. డ్రమ్ములో జల్లెడ, పంపు రెండూ మునిగేలా మంచినీళ్లు నింపి, న్యూట్రల్‌లో నెమ్మదిగా పది పదిహేను నిమిషాలు తిప్పాలి. ఇంజిను వేడెక్కి థర్మోస్టాట్ తెరుచుకుంటేనే లోపలి ఉప్పు కడుగుతుంది, రెండు నిమిషాలకే ఆపేస్తే డ్రమ్ము నింపిన శ్రమ దండగ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి, ఇంజిను మూలన పెట్టే ముందు ఇలా కడిగేయండి. ఇసుక ఒడ్డున వాడే ఇంజినుకు ఏడాదికోసారి ఇంపెల్లర్ మార్చాలి, దానికీ అదే అదను. జూన్ రెండో వారంలో అందరూ ఒకేసారి వస్తే మాత్రం వరసలో నిలబడాల్సిందే.