సోల్డరింగ్ ఐరన్ పట్టుకునే ముందు

చిరంజీవులకు,

సెలవుల్లో ఎల్ఈడీ దండలు మీరే అతుక్కుంటామన్నారు. మంచిదే. కానీ పొయ్యిలో నిప్పు ఎర్రగా కనిపించి భయపెట్టినట్టు సోల్డరింగ్ ఐరన్, అంటే తీగలు అతికే కరెంటు కడ్డీ, భయపెట్టదు. కొన 350 డిగ్రీల మీద ఉన్నా చల్లగా ఉన్నప్పటిలాగే కనిపిస్తుంది. వేడెక్కిందో లేదో వేలితో చూడొద్దు, సోల్డర్ తీగ, అంటే అతకడానికి కరిగించే మెత్తని లోహపు తీగ, ఆనించి చూడండి. 60/40 రకం (60 వంతులు తగరం, 40 వంతులు సీసం) 190 డిగ్రీల లోపే కరిగిపోతుంది. ప్లగ్గు తీశాక కూడా అరగంట ముట్టుకోవద్దు.

బాగా కాలేది ఐరన్ జారినప్పుడే. దాని వైరు బిరుసుగా ఉండి బల్ల మీంచి లాగేస్తుంది. పడిపోతుంటే పట్టుకోవాలని చెయ్యి తనంతట తనే ముందుకెళ్తుంది, పిడి దొరక్క ఇనుప గొట్టమే చేతిలో పడుతుంది. పడనివ్వండి, కాళ్ళు వెనక్కి లాక్కోండి. పాడైతే కొత్తది కొనుక్కుందాం. స్ప్రింగు స్టాండును చెక్కకు మేకులతో బిగించి, వైరు బల్ల వెనక నుంచి తీసుకోండి. కాళ్ళకు బూట్లు, ఒంటికి నూలు బట్టలు ఉండాలి. నైలాన్ అయితే కరిగి చర్మానికి అంటుకుంటుంది.

మన డెల్టాలో ఇంకో చిక్కుంది. గాలివానకు కరెంటు పోతుంది, మీరు లేచి బయటికెళ్తారు, కరెంటు వస్తుంది, ఐరన్ పక్కనున్న చాపో కొబ్బరి పీచో అంటుకుంటుంది. కరెంటు పోగానే ముందు ప్లగ్గు పీకండి. తడి చేతులతో, తడి నేల మీద అసలు వద్దు.

చిన్న రాగి తీగ ముక్కను వేళ్ళతో పట్టుకుని అతికితే రెండు మూడు సెకన్లలోనే వేడి వేలికి చేరుతుంది, పట్టకారుతో పట్టుకోండి. కొనకున్న సోల్డరు వదిలించడానికి ఐరన్ విదిలించకండి, ఆ చుక్క పక్కవాడి కంట్లో పడుతుంది. పిండిన తడి స్పాంజి మీద తుడవండి. కళ్ళజోడు తప్పనిసరి.

కాలితే వెంటనే ఉంగరం, వాచీ, మొలతాడు లాంటివి ఆ దగ్గరుంటే తీసేసి, పారే చల్లని నీళ్ళ కింద 20 నిమిషాలు పెట్టండి. రెండు నిమిషాలకే మంట తగ్గిందనిపించినా చెయ్యి తియ్యొద్దు, లోపలి వేడి ఇంకా పోదు. ఐసు, టూత్‌పేస్టు, పసుపు, మన ఇంట్లో ఎప్పుడూ ఉండే కొబ్బరినూనె, ఏదీ రాయొద్దు. బొబ్బ చిదపొద్దు. చర్మం తెల్లబడినా నల్లబడినా, ముఖం మీదో కీలు దగ్గరో కాలినా, బొబ్బ పెద్దదైనా శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

పొగ ముక్కులోకి పీల్చకుండా కిటికీ తీసి, ఫ్యాను గాలి బల్ల మీంచి బయటికి పోయేట్టు పెట్టుకోండి. ఈ సోల్డర్‌లో సీసం ఉంటుంది కాబట్టి తీగను పళ్ళతో పట్టుకోవద్దు, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే జంతికలు ముట్టుకోండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య