గాలిని తూకం వేయడం ఎలా నేర్చుకున్నాం

పొద్దున్నే ఫోన్‌లో ఏక్యూఐ (గాలి ఎంత కలుషితమో చెప్పే సూచీ) చూసి, కిటికీ తెరవాలో వద్దో తేల్చుకునేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఆ అంకెను చూసినప్పుడల్లా నాకు దాని వెనక పోయిన ప్రాణాలు గుర్తొస్తాయి. మనం మొదట కంటికి కనబడే పొగనే కొలిచాం. కనబడనిది అంతకంటే ప్రమాదమని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

1888లో ఫ్రాన్స్‌కు చెందిన మాక్సిమిలియన్ రింగెల్‌మాన్ పొగ నలుపును కొలిచే కార్డులు తయారుచేశాడు. తెల్ల కాగితం మీద నల్ల గీతలతో గళ్లు. కాస్త దూరం నుంచి చూస్తే గీతలన్నీ కలిసిపోయి బూడిద రంగులో కనబడతాయి. ఒకటో కార్డులో ఐదో వంతు నలుపు, ఐదో కార్డు పూర్తిగా నలుపు. తనిఖీకి వచ్చినవాళ్లు ఫ్యాక్టరీ గొట్టం పొగను ఆ కార్డులతో పోల్చి నంబరు వేసేవారు. తేలికైన పద్ధతే. కానీ రంగు లేని విషవాయువు దానికి చిక్కదు.

1930లో బెల్జియంలోని మ్యూజ్ లోయలో దాదాపు 60 మంది, 1948లో అమెరికాలోని డొనోరాలో 20 మంది కలుషితమైన గాలి వల్ల చనిపోయారు. రెండుచోట్లా జరిగింది ఒకటే. మామూలుగా నేల దగ్గరి వెచ్చని గాలి పొగను తీసుకుని పైకి పోతుంది. కింద చల్లగాలి నిలిచిపోయి, పైన వెచ్చని పొర కమ్ముకుంటే గిన్నె మీద మూత పెట్టినట్టే. పొగ ఎటూ కదలదు.

1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు లండన్ మీద అలాంటి మూతే పడింది. జనానికి తమ కాళ్లు తమకే కనబడలేదు. అప్పటికే అక్కడ కొలతలు తీస్తున్నారు. పంపుతో గాలిని తెల్లటి ఫిల్టర్ పేపర్ గుండా లాగి, పడిన మరక ఎంత నల్లగా ఉందో చూసేవారు. ఆ మసి, బొగ్గు పొగలో ఉండే సల్ఫర్ డయాక్సైడ్ వాయువు గ్రాఫులను మరణాల గ్రాఫు పక్కన పెడితే మూడూ కలిసే పైకెక్కాయి. మొదట 4,000 మంది చనిపోయారన్నారు. తర్వాతి వారాల్లోనూ ఆగని మరణాలను ఇన్‌ఫ్లుయెంజా ఖాతాలో వేశారు. అది చదివితే ఇప్పటికీ బాధేస్తుంది. తర్వాతి అంచనాలు 12,000 దాకా వెళ్లాయి. 1956లో పొగకు కళ్లెం వేసే చట్టం, క్లీన్ ఎయిర్ యాక్ట్, వచ్చింది.

లాస్ ఏంజెలెస్‌ది వేరే కథ. బాగా ఎండ కాసే ఊరు, అయినా కళ్లు మంటలు. వాహనాల పొగ ఎండలో మారిపోయి ఓజోన్ తయారవుతోందని 1950ల మొదట్లో ఆరీ హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త తేల్చాడు. వంచి పెట్టిన రబ్బరు ముక్క ఎంతసేపటికి పగులుతుందో చూసి ఓజోన్ ఎంతుందో అంచనా వేసేవారు. ఏ గొట్టంలోంచీ నేరుగా రాని కాలుష్యం ఇది. రింగెల్‌మాన్ కార్డు పట్టుకుని ఎక్కడ నిలబడి చూడాలి?

దుమ్ము విషయంలో కొలత చిన్న కణాల వైపు జరుగుతూ వచ్చింది. అమెరికాలో 1971లో గాలిలో తేలే దుమ్ము మొత్తానికి పరిమితి పెట్టారు. 1987లో 10 మైక్రాన్లలోపు కణాలకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 1997లో 2.5 మైక్రాన్లలోపు కణాలకు, అంటే పీఎం 2.5కి. ఈ చివరి మార్పు వెనక 1993లో వెలువడిన ఆరు నగరాల అధ్యయనం ఉంది. 8,000 మందికి పైగా పెద్దవాళ్లను ఏళ్ల తరబడి గమనిస్తే, అన్నిటికన్నా మురికి గాలి ఉన్న ఊళ్లో మరణాల రేటు అన్నిటికన్నా శుభ్రమైన ఊరికంటే 26 శాతం ఎక్కువని తేలింది. ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 పది మైక్రోగ్రాములు దాటకూడదని 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. 2021లో దాన్ని ఐదుకు తగ్గించింది.

ఇప్పుడు చాలా స్టేషన్లలో ఉండే బీటా మానిటర్‌లో ఒక ఫిల్టర్ టేపు ఉంటుంది. గంట గంటకూ దాని మీద ఒక బూడిదరంగు చుక్క పడుతుంది. ఆ చుక్క గుండా బీటా కిరణాలు ఎంత తగ్గి బయటికొస్తే అంత దుమ్ము ఉన్నట్టు. ఏక్యూఐ అంటే ఇలా కొలిచినవాటి సగటు అనుకుంటారు చాలామంది. కాదు. ఒక్కో కాలుష్యానికీ విడిగా స్కోరు వేసి, అందులో పెద్దదాన్నే ఏక్యూఐగా చూపిస్తారు. అందుకే అంకెతోపాటు అది దేనివల్ల పెరిగిందో కూడా చూడాలి.

0.1 మైక్రాన్‌కన్నా చిన్న కణాలకు ఈ తూకాలు పనికిరావు. లక్షల్లో ఉన్నా వాటి బరువు లెక్కలోకి రానంత తక్కువ. ఆల్కహాల్ ఆవిరిని వాటి చుట్టూ పేరుకునేలా చేసి, ఉబ్బాక లేజర్ కాంతిలో ఒక్కొక్కటిగా లెక్కపెడతారు. ఇన్ని దాటితే ప్రమాదం అన్న పరిమితి వాటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల్లోనూ పెట్టలేదు.