జంపన్న వాగు ఉసికె కింద దాసుకున్న నీళ్లు

ఎండకాలం మేడారం పోయినోళ్లు జంపన్న వాగు చూసి ఇదేంది చుక్క నీళ్లు లేవు అంటరు. నేను గూడ చిన్నప్పుడు అట్లనే అన్న, అప్పుడు మా నాయినమ్మ ఒంగి చేతులతోటే ఉసికె తోడింది, మోచేయి లోతుకు పోంగనే నీళ్లు ఊరినయి, తేటగ, సల్లగ. చెలిమె అంటం దాన్ని.

వాగు ఎండలే, కిందికి దిగింది అంతే. ఉసికె రేణువుల నడుమ సందులే మూడో వంతు దాకా ఉంటయి, అంటే ఒక ఘనపు మీటరు ఉసికెల 300 లీటర్లకు అటుఇటుగ నీళ్లు పడతయి, కొన్ని రేణువులకు అంటుకొనే ఉంటయి గని మిగతాయి ఊరి వస్తయి. ఎండ పైపొరనే ఆరబెడ్తది. ముతక ఉసికెల సందులు పెద్దయి కాబట్టి దీపం వత్తిల నూనె ఎక్కినట్టు నీళ్లు పైదాకా ఎక్కలేవు, రెండడుగుల కింద ఆవిరి కావుడు దాదాపు ఆగిపోతది. చెరువు నీళ్లకు ఆ రక్షణ లేదు. పైగా ఉసికె వడగడ్తది గూడ. కోయ గూడేలు ఎన్ని ఎండకాలాలు ఈ చెలిమెల మీదనే ఎల్లదీసినయో.

రెండేండ్లకోసారి మాఘంల సమ్మక్క సారలమ్మ జాతరకు లక్షల మంది ఈడ తానాలు చేస్తరు, దానికి లక్నవరం చెరువు నీళ్లు వదుల్తరు, వాగులనే బావులు దింపి ఉసికెల నీళ్లను నల్లాలకు ఎక్కిస్తరు, అయి పెద్ద చెలిమెలే అనుకోరాదు. లక్నవరం కాకతీయుల చెరువు. వాళ్ల సైన్యంతోటి కొట్లాడి సమ్మక్క కొడుకు జంపన్న ఈ వాగులనే, అప్పటి పేరు సంపెంగ వాగు, పానం ఇడిసిండంటరు, ఆ చెరువు నీళ్లే ఆయన వాగుకు వస్తుంటే చూసి నాకైతే మనసు ఎటో అయితది.

ఇదే వాగు 2023 జులైల కొండాయి ఊరిని ముంచింది, మనుషులు కొట్టుకపోయిన్రు. అప్పుడే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల 24 గంటలల్ల 649.8 మిల్లీమీటర్ల వాన, చదరపు కిలోమీటరుకు 65 కోట్ల లీటర్లు లెక్క! గుట్టల నీళ్లకు ఆగే జాగ ఉండదు, నిండిన ఉసికె ఇంకో చుక్క పట్టదు.

కొత్త ఉసికె తెచ్చి పోసేది గూడ ఆ వరదనే. అది తెచ్చేదానికన్నా మనం ట్రాక్టర్లల్ల ఎక్కువ ఎత్తుకపోతే వాగు అడుగు దిగుతది, దానెంబడి గట్టు మీది బాయిల నీళ్లు గూడ దిగుతయి, ఎందుకంటే లోపల రెండూ ఒకటే నీళ్లు. పోయిన ఎండకాలం నాయినమ్మ తోడిన కాడనే నేను తోడిన. నడుం లోతుకు పోయినా తడి తగిలింది గని నీళ్లు ఊరలే.