చందా రసీదు లేనివాడికి ఓటు లేదు: యూనియన్ బ్రాంచి ఎన్నికల తగువుకు మూలం ఎక్కడ?

చెన్నైలోని అంబత్తూరు పారిశ్రామిక ఎస్టేట్‌లో ఒక విడిభాగాల కార్ఖానాలో యూనియన్ బ్రాంచి ఎన్నిక మళ్లీ ఆగిపోయింది. కిందటిసారి నామినేషన్ల గడువు మీద గొడవైతే ఈసారి ఓటరు జాబితా మీద. క్యాంటీన్ గోడకు అంటించిన జాబితాలో పేరు, టోకెన్ నంబరు, చందా కట్టిన చివరి నెల అని మూడు గళ్లున్నాయి. అక్కడ కాంట్రాక్టు వాళ్ల టోకెన్ నంబరు ముందు ఒక అక్షరం అదనంగా ఉంటుంది. ఆ అక్షరమున్న నంబరు జాబితాలో ఒక్కటీ కనిపించదు. నోటీసు తమిళంలో మాత్రమే ఉండటంతో నెల్లూరు, చిత్తూరు, శ్రీకాకుళం నుంచి వచ్చిన కుర్రాళ్లు దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి, తమిళం చదవగలిగిన తోటివాడితో చదివించుకున్నారు. తమ పేర్లు లేవని అప్పుడు తెలిసింది.

వాళ్లు అడుగుతున్నది పెద్ద విషయమేమీ కాదు. పర్మనెంట్ వాళ్లతో పాటు అదే లైనులో, అదే షిఫ్టులో పనిచేస్తున్నారు. గేట్ మీటింగ్ అంటే షిఫ్టు దిగి నిలబడుతున్నారు. ధర్నా ఖర్చుకు చేతనైనంత ఇస్తున్నారు. మరి కార్యదర్శి ఎవరో తేల్చే రోజు మాత్రం తాము కాంట్రాక్టరు మనుషులు ఎలా అయిపోయామన్నది వాళ్ల ప్రశ్న. కొందరు రెండేళ్లుగా సభ్యత్వం ఇమ్మని అడుగుతున్నామనీ, ఫారం అయిపోయిందని ఒకసారి, రసీదు పుస్తకం ఆఫీసులో ఉందని ఒకసారి తిప్పి పంపారనీ చెబుతున్నారు. బైలాస్ (సంఘం తనకు తాను రాసుకున్న నియమావళి) ప్రకారం పర్మనెంట్ కార్మికులే సభ్యులనీ, బైలాస్ మారిస్తే తప్ప తాము చేయగలిగింది లేదనీ ప్రస్తుత కార్యవర్గం అంటోంది.

తెలుగువాళ్లకు యూనియన్ ఎన్నికలనగానే సింగరేణి గుర్తొస్తుంది. 1998 నుంచి అక్కడ రహస్య బ్యాలెట్ పెడుతున్నారు. 2023 డిసెంబరు 27న జరిగిన పోలింగ్‌లో ఏఐటీయూసీ గెలిచింది. 2024 డిసెంబరులో రైల్వేలోనూ అలాంటి ఓటింగ్ జరిగింది. అవి ఏ సంఘానికి గుర్తింపు ఇవ్వాలో తేల్చే ఎన్నికలు. సింగరేణిలోనైతే కేంద్ర కార్మిక శాఖ అధికారులు దగ్గరుండి జరిపిస్తారు. అంబత్తూరులో ఆగింది వేరే రకం ఎన్నిక. ఒకే సంఘం లోపల అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ఎవరో తేల్చుకునే ఈ ఎన్నికకు ప్రభుత్వం నుంచి ఎవరూ రారు. ఎన్నికల అధికారిని సంఘమే పెట్టుకుంటుంది, జాబితా సంఘమే తయారు చేసుకుంటుంది, ఫలితమూ సంఘమే ప్రకటించుకుంటుంది. ఇంత ముఖ్యమైన పనిని చట్టం ఎందుకు అలా వదిలేసిందో తెలియాలంటే పెరంబూరు దాకా వెళ్లాలి.

మద్రాస్ లేబర్ యూనియన్ 1918 ఏప్రిల్ 27న పుట్టిన కథ చాలామంది చెప్పిందే కాబట్టి వివరంగా చెప్పను. పెరంబూరులోని బకింగ్‌హాం అండ్ కర్నాటిక్ మిల్లు కార్మికులను చేరదీసిన సెల్వపతి చెట్టియార్, రామానుజులు నాయుడు అంతకుముందు వెంకటేశ గుణామృత వర్షిణి సభ పేరుతో హరికథలు, భక్తి ప్రసంగాలు పెట్టించేవారు. సంఘం పెట్టాలనుకున్నప్పుడు అధ్యక్షుడి కోసం మిల్లు లోపల వెతకలేదు, బి.పి. వాడియా దగ్గరికి వెళ్లారు. ఆయన థియోసాఫికల్ సొసైటీ మనిషి, అనీ బిసెంట్ నడిపిన న్యూ ఇండియా పత్రికలో పనిచేస్తున్నాడు. మిల్లులో పనిచేసేవాడు మైకు పట్టుకుంటే మర్నాటికి పని ఉండదు కనుక బయటి మనిషి అవసరమయ్యాడు. ఆ రోజుల్లో అది సరైన నిర్ణయమే.

అసలు మలుపు 1920 చివర్లో వచ్చింది. మిల్లుకు లాకౌట్ వేశారు. డిసెంబరులో కార్మికుల మీద కాల్పులు జరిగాయి. ఆ పైన మిల్లును నడిపే బిన్నీ కంపెనీ మద్రాసు హైకోర్టుకెక్కింది. వాడియా, ఆయన సహచరులు కార్మికుల చేత ఉద్యోగ ఒప్పందాన్ని ఉల్లంఘింపజేస్తున్నారని, తమకు నష్టపరిహారం ఇప్పించాలని దావా వేసింది. అలా చేయకూడదని కోర్టు ఇంజంక్షన్ ఇచ్చింది. అంటే, సమ్మె చేయండని ఒక నాయకుడు చెబితే దానికి సొంత ఆస్తి నుంచి చెల్లించుకోవాల్సి రావచ్చు. 1921 మొదట్లో రాజీ కుదిరింది. కంపెనీ దావా వెనక్కి తీసుకుంటుంది, వాడియా సంఘంతో సంబంధం తెంచుకుంటాడు. అదీ ఒప్పందం.

ఈ షరతు దగ్గర కొంచెం ఆగాలి. సంఘం అధ్యక్షుడు దిగిపోయాడు. సభ్యులెవరూ ఓటేసి ఆయన్ను దించలేదు, ఆయన పదవీకాలమూ ముగియలేదు. యాజమాన్యం పెట్టిన షరతు మీద దిగిపోయాడు. సభ్యుల్ని ఎవరూ అడగలేదు, అడగాలన్న నియమమూ ఎక్కడా లేదు. ఈ కేసు దేశమంతా సంచలనమైంది. 1921 మార్చిలో కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి కార్మిక సంఘాలకు రక్షణ కల్పించే చట్టం తేవాలని కేంద్ర శాసనసభలో తీర్మానం పెట్టి నెగ్గించాడు. ఐదేళ్ల తర్వాత 1926లో కార్మిక సంఘాల చట్టం వచ్చింది, 1927 జూన్ 1 నుంచి అమలైంది.

చట్టం పెరంబూరు కేసును కళ్ల ముందు పెట్టుకుని రాసింది కాబట్టి ఆ కేసులో తగిలిన గాయాలకే మందు వేసింది. సమ్మె పిలుపునిచ్చిన నాయకుడి మీద కుట్ర కేసు, సివిల్ దావా పడకుండా 17, 18 సెక్షన్లు పెట్టింది. బయటివాళ్లు పదవుల్లో ఉండొచ్చని, కాకపోతే సగం మంది మాత్రం ఆ పరిశ్రమలో పనిచేసేవాళ్లై ఉండాలని 22వ సెక్షన్‌లో చెప్పింది. సభ్యుడి ఓటు దగ్గరికి వచ్చేసరికి మాటలు కరువయ్యాయి. కార్యవర్గాన్ని పదవుల్లో ఎలా పెట్టుకుంటారో, ఎలా దించుతారో మీ నియమావళిలో మీరే రాసుకోండి అని 6వ సెక్షన్ ఊరుకుంది. చేతులెత్తి ఎన్నుకోవాలా, బ్యాలెట్ పెట్టాలా, జాబితా ఎన్ని రోజుల ముందు బయటపెట్టాలి, అభ్యంతరాలు ఎవరికి ఇవ్వాలి అన్న ప్రశ్నలకు చట్టంలో జవాబు వెతికితే దొరకదు. నాయకుడికి కంపెనీ నుంచి కాపుదల దొరికింది గానీ, సభ్యుడికి నాయకుడి నుంచి దొరకలేదు. నా లెక్కలో అంబత్తూరు తగువుకు బీజం అక్కడే పడింది.

అదే 6వ సెక్షన్‌లో ఈ తగువుకు పనికొచ్చే ముక్క ఒకటుండేది. ఆ పరిశ్రమలో నిజంగా పనిచేస్తున్నవాళ్లను సాధారణ సభ్యులుగా చేర్చుకోవాలని అది చెప్పేది. పర్మనెంటా, కాంట్రాక్టా అన్న తేడా అందులో ఉండేది కాదు. ఆ గీత గీసుకున్నది సంఘాలే, తమ బైలాస్‌లో.

ఆ చట్టానికి 2001లో చేసి 2002 జనవరి 9 నుంచి అమల్లోకి తెచ్చిన సవరణ కొంత సర్దింది. కార్యవర్గం పదవీకాలం మూడేళ్లు మించకూడదంది. బయటివాళ్లు మొత్తంలో మూడో వంతు లేదా ఐదుగురు, రెండింటిలో ఏది తక్కువైతే అంతవరకే అంది. ఇలాంటి కార్ఖానాల్లో చందా ఏడాదికి కనీసం 12 రూపాయలు చేసింది. దాంతో నెలకు రూపాయి కట్టినవాడు సభ్యుడయ్యాడు, ఓటరూ అయ్యాడు. వినడానికి సుళువుగానే ఉంది గానీ ఆ రూపాయి ఎవరు తీసుకోవాలి, రసీదు ఎవరు రాయాలి అన్న దగ్గరే కథంతా నడుస్తుంది.

పెద్ద కార్ఖానాల్లో పర్మనెంట్ వాళ్ల చందాను కంపెనీయే జీతంలోంచి పట్టి సంఘం ఖాతాలో వేస్తుంది. దీన్ని చెక్ ఆఫ్ అంటారు. జీతం స్లిప్పులో యూనియన్ చందా అని ఒక వరస ఉంటే చాలు, ఓటరు జాబితాలో పేరు దానంతటదే ఎక్కుతుంది. కాంట్రాక్టు కార్మికుడికి జీతమిచ్చేది కాంట్రాక్టరు. ఆ స్లిప్పులో పీఎఫ్, ఈఎస్ఐ ఉంటాయి గానీ యూనియన్ వరస ఉండదు. అతను చేత్తో కట్టాలి, కార్యదర్శి రసీదు చింపివ్వాలి. ఆ కార్యదర్శే మళ్లీ పోటీకి నిలబడుతుంటే, కొత్త ఓట్లు తనకు పడతాయన్న నమ్మకం లేకపోతే, రసీదు పుస్తకం ఆఫీసు బీరువాలోనే ఉండిపోతుంది. అంబత్తూరులో ఇదే జరిగిందని కాంట్రాక్టు వాళ్ల ఆరోపణ. కార్యవర్గం ఒప్పుకోవడం లేదు, అయితే పుస్తకం మాత్రం ఇంతవరకు చూపించలేదు.

దీనికి తోడు చెన్నై చుట్టుపక్కల బ్రాంచీల్లో ఒక అలవాటుంది. ముందే ఒక ప్యానెల్ తయారవుతుంది, అవతలి ప్యానెల్ నుంచి ఇద్దరు ముగ్గుర్ని సర్దుబాటు చేసుకుంటారు, జనరల్ బాడీలో, అంటే సభ్యులందరి సమావేశంలో, పేర్లు చదువుతారు, చప్పట్లు, ఏకగ్రీవం. ఐక్యత పేరు మీద ఇది ఎంతోకాలంగా చెల్లుతోంది. యాజమాన్యం ముందు చీలిక కనపడకూడదన్న భయం ఉత్తదేం కాదు, దాన్ని కొట్టిపారేయలేం. అయినా చప్పట్లతో గెలిచినవాణ్ని దించడానికి కూడా చప్పట్లే కావాలి, అవి ఎప్పుడూ దొరకవు.

పోనీ ఫిర్యాదు చేద్దామంటే మొన్నటిదాకా ఎవరికి చేయాలి? కార్మిక సంఘాల రిజిస్ట్రార్ దగ్గరికి రెండు వర్గాలూ రెండు కార్యవర్గాల పేర్లతో రిటర్నులు వేస్తే ఎవరు గెలిచారో తీర్పు చెప్పే అధికారం ఆయనకు ఉండేది కాదు. సివిల్ కోర్టుకు వెళ్లమనేవారు. కోర్టులో తేలేలోపు మూడేళ్ల పదవీకాలం అయిపోయేది. కొన్ని కేసుల్లో హైకోర్టు రిటైర్డ్ జడ్జినో న్యాయవాదినో ఎన్నికల అధికారిగా పెట్టి ఓటింగ్ జరిపించింది. అలాంటి ఎన్నికల్లోనూ ముందు పేచీ వచ్చేది జాబితా దగ్గరే.

ఇంత జరుగుతున్నా ఇన్నాళ్లూ గుట్టుగా ఉన్నది ఇప్పుడు ఎందుకు రగిలింది? 1926 చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ వల్ల. అంతకుముందు ఏ సంఘానికి గుర్తింపు ఇవ్వాలన్నది 1958 నాటి క్రమశిక్షణ నియమావళి చూసుకునేది, దానికి చట్టబలం లేదు. కొత్త కోడ్ ప్రకారం మస్టర్ రోల్‌లో (కంపెనీ హాజరు పట్టీలో) ఉన్న కార్మికుల్లో 51 శాతం మద్దతున్న సంఘమే యాజమాన్యంతో మాట్లాడుతుంది. ఎవరికీ అంత బలం లేకపోతే 20 శాతం మద్దతున్న సంఘాలతో ఒక మండలి ఏర్పడుతుంది. కార్యవర్గం పట్టుకున్నది మస్టర్ రోల్ అన్న ముక్కనే. కాంట్రాక్టు వాళ్లు కంపెనీ రోల్‌లో ఉండరు, వాళ్లను చేర్చుకున్నా 51 శాతం లెక్కకు పనికిరారు, పైగా పర్మనెంట్ ఓట్లు చీలతాయి అంటున్నారు. అది బేరసారాల లెక్క. సంఘం లోపల ఎవరికి ఓటుందన్నది వేరే విషయం. రెండూ కలిపి మాట్లాడటం కార్యవర్గానికి అనుకూలం.

కాంట్రాక్టు వాళ్ల తరఫు లాయరు చూపిస్తున్నది అదే కోడ్‌లోని 22వ సెక్షన్. సంఘం ఎన్నికల తగాదాలు ఇక సివిల్ కోర్టుకు పోవు, పారిశ్రామిక ట్రైబ్యునల్‌కు పోతాయి. సభ్యులే కాదు, సభ్యత్వం ఇవ్వకుండా తిరస్కరించిన కార్మికులు కూడా అక్కడ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇలాంటి వాళ్లను 1926 నాటి చట్టం పట్టించుకోలేదు. కార్మిక సంఘాలు సమ్మె హక్కును కుదించారని ఈ కోడ్‌ను తిట్టాయి, ఆ తిట్లలో న్యాయముంది. అదే కోడ్ గేటు బయట నిలబెట్టినవాడికి ఒక తలుపు తెరిచిందన్నదీ నిజం.

బైలాస్ సవరణకు జనరల్ బాడీ పిలుస్తామని కార్యవర్గం అంటోంది, తేదీ చెప్పలేదు. పిలిచినా అందులో చేయెత్తేది ఇప్పుడున్న సభ్యులే. ఈలోగా కాంట్రాక్టు కార్మికులు సభ్యత్వ దరఖాస్తులను, ఏడాది చందాతో కలిపి, బ్రాంచి ఆఫీసు చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో పంపారు. చేర్చుకోకపోతే ఆ మాట కాగితం మీద రాసివ్వాలని అడిగారు. ట్రైబ్యునల్ గడప ఎక్కాలంటే తిరస్కరించారని చూపించుకోవాలి కదా. అందినట్టు అక్నాలెడ్జ్‌మెంటు కార్డులు తిరిగొచ్చాయి. జవాబు మాత్రం ఇంకా రాలేదు.